నలభై అయిదు రోజుల సెలవులో సూర్యుడి గింజలు

కువైట్‌లో శుక్రవారం పొద్దున్నే మేడెక్కి టెలిస్కోప్ పెడితే సూర్యుడి మచ్చలు దొరుకుతాయి గానీ అంతకన్నా సన్నది ఏదీ నిలవదు. చుట్టూ ఏసీల వేడిగాలి, కింద కాంక్రీటు, పైన దుమ్ము. గ్రాన్యూల్స్, అంటే సూర్యుడి పైపొర మీద కనిపించే గింజలు, పట్టాలంటే సెలవుకొచ్చినప్పుడు కోనసీమ కాలవగట్టే మేలు. నీరు నేలంత తొందరగా వేడెక్కదు, దానిమీది గాలి అంతగా అల్లాడదు. ఉదయపూర్ సౌర వేధశాలను ఫతేసాగర్ చెరువు మధ్య కట్టింది ఇందుకే.

ఒక్కో గింజ వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు. అయినా మనకి రెండు ఆర్క్‌సెకన్ల లోపే (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్‌సెకను). 19వ శతాబ్దంలో వీటిని బియ్యపు గింజలతో పోల్చారు. ఉడుకుతున్న అన్నమంటే ఇంకా దగ్గర: వేడి వాయువు మధ్యలో సెకనుకు ఒకటి రెండు కిలోమీటర్ల వేగంతో పైకొచ్చి, చల్లారి, నల్లటి అంచుల్లోంచి దిగిపోతుంది. ఎనిమిది పది నిమిషాలకల్లా గింజ చీలిపోతుంది, లేదా కరిగిపోతుంది.

102 మిల్లీమీటర్ల లెన్సున్న టెలిస్కోప్ గొట్టం చాలు. 80 అయితే పొడపొడగా తెలుస్తుందంతే. సోలార్ ఫిల్మును, అంటే సూర్యకాంతిని దాదాపు అంతా ఆపేసే పల్చటి పొరను, రెండు అట్టల మధ్య పెట్టి చేతి సంచీలో తెచ్చుకోండి. ఫ్రేముకి అతికేటప్పుడు బిగించి లాగకూడదు, బొమ్మ చెడుతుంది. కాస్త ముడతలున్నా నష్టం లేదు. చూసే ప్రతిసారీ లైటుకి అడ్డంపెట్టి సూదిబెజ్జాలున్నాయేమో వెతకండి. ఒక్కటి కనబడినా వాడొద్దు. ఫిల్టర్లలో గొట్టం ముందుకి తొడిగేదే వాడాలి. ఐపీసుకి, అంటే కన్ను పెట్టే లెన్సుకి, బిగించే నల్లగాజు వేడికి పగులుతుంది, పారేయండి. ఫైండరుకి, అంటే గురి చూసే చిన్న గొట్టానికి, మూత తియ్యకండి. ఊళ్లో పెద్దవాళ్లు "కళ్లు పోవా అండీ" అంటారు. ఇవన్నీ చూసుకోకపోతే పోతాయండి, ఆయ్.

డాబా మీద వద్దు, స్లాబు ఎనిమిదికే కాగుతుంది. కాలవకి పడమటి గట్టున, గడ్డిలో, కొబ్బరిచెట్లు అడ్డులేని చోట పెడితే పొద్దుటి సూర్యుణ్ని నీటిమీదుగా చూడొచ్చు. గొట్టాన్ని అరగంట ముందే నీడలో ఉంచండి. ఏడున్నర నుంచి తొమ్మిది దాకా మంచి సమయం. వేసవిలో కాలవలు కట్టేశాక వస్తే ఈ లాభం ఉండదు. సంక్రాంతికి రండి.

మచ్చ అంచుమీద ఫోకస్ చేయండి. కెమెరాకి ఆకుపచ్చ ఫిల్టర్, ఎక్స్‌పోజర్ రెండు మిల్లీసెకన్ల లోపు. అరనిమిషం వీడియో తీసి, అందులో నిలకడగా ఉన్న పదోవంతు ఫ్రేములే కలపాలి. వీడియో రెండు మూడు నిమిషాలు సాగిందంటే గింజలే మారిపోయి బొమ్మ ముద్దవుతుంది. నిమిషానికొకటి చొప్పున అరగంట తీసి వరసగా ఆడిస్తే గింజలు పుట్టడం, చీలడం కనిపిస్తుంది.

సెలవు పొడుగునా చేయదగ్గ పని ఇంకోటుంది. తూర్పు అంచున కొత్త మచ్చ వస్తే రోజూ 15 సెంటీమీటర్ల వృత్తంలో గీయండి. సుమారు పదమూడు రోజుల్లో పడమటి అంచు దాటుతుంది. బతికుంటే మొదట కనిపించిన ఇరవై ఏడో రోజుకి అటూ ఇటుగా మళ్లీ తూర్పున తేలుతుంది. టికెట్ తేదీకి ముందే. మచ్చ చుట్టూ బూడిదరంగు అంచులో వాయువు బయటికి పారుతుందని 1909లో కొడైకెనాల్ వేధశాలలో ఎవర్షెడ్ అనే శాస్త్రవేత్త కనిపెట్టాడు. అది కాంతిని రంగులుగా విడదీస్తే కనిపించే వర్ణపట రేఖల జరుగుబాటులో తేలేది, మన గొట్టానికి అందదు.

తిరిగి వెళ్లేటప్పుడు గొట్టాన్ని ఇంట్లో వదిలేస్తే, మన తేమకి లెన్సు బూజు పడుతుంది. సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరని డబ్బాలో పెట్టి, నెలకోసారి పొట్లాలు మార్చమని చెప్పి, పిల్లలకి అందకుండా బీరువాలో తాళం వేయించండి.