ఓడలున్నవారి బల్ల

చెన్నై హైకోర్టు ప్రహరీ దగ్గర ఉన్న శిలాఫలకం 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎండెన్ ఈ నగరం మీద ఫిరంగి గుండ్లు కురిపించిన సంగతిని గుర్తుచేస్తుంది. ఆ రాత్రి తగలబడిన చమురు ట్యాంకుల గురించే ఇక్కడ అందరూ చెప్పుకుంటారు గాని, అదే ఎండెన్ బంగాళాఖాతంలో పట్టుకుని ముంచిన సరకు ఓడలే నాకు ఎక్కువ ముఖ్యమనిపిస్తాయి. ఆ యుద్ధంలోనూ, తరువాతి యుద్ధంలోనూ దేశాల తలరాతను నిర్ణయించినవాటిలో మామూలు సరకు ఓడల లెక్క ఒకటి; ఆ లెక్కను ఎవరు ఏ బల్ల చుట్టూ కూర్చుని వేశారన్నదే కొంతకాలంగా నేను చదువుతున్న విషయం.

1917 ఏప్రిల్ ఒక్క నెలలోనే ఎనిమిదిన్నర లక్షల టన్నులకు పైగా ఓడలు మునిగిపోయాయి. ఆ ఏడాది చివర పారిస్‌లో సమావేశమైన మిత్రరాజ్యాలు ఒక ఉమ్మడి నౌకారవాణా మండలిని ఏర్పాటు చేసుకోవాలని నిశ్చయించగా, అది 1918లో లండన్‌లో పని మొదలుపెట్టింది. దాని కార్యాలయాన్ని బ్రిటన్‌కు చెందిన ఆర్థర్ సాల్టర్ నడిపించారు. ఫ్రాన్సు తరఫున జాఁ మొన్నే కూర్చున్నారు. ఈ మండలికి ఎవరినీ ఆజ్ఞాపించే అధికారం లేదు. అయినా పని జరిగిందంటే, అందులో కూర్చున్నవారు తమ తమ ప్రభుత్వాల్లో ఓడలను నిజంగా కేటాయించే అధికారులు కావడమే కారణం. ఇటలీ బొగ్గు సంగతే చూడండి. బ్రిటన్ నుంచి జిబ్రాల్టర్ చుట్టి బొగ్గు మోయాలంటే ఓడకు చాలా రోజులు పడుతుంది. అందుకని ఫ్రాన్సు తన గనుల బొగ్గును రైలులో ఇటలీకి పంపింది, ఆ లోటును బ్రిటన్ ఇంగ్లిష్ ఛానల్ దాటించి ఫ్రాన్సుకు భర్తీ చేసింది. అదే బొగ్గు, తక్కువ సముద్రం. కొత్త ఓడ ఒక్కటి కూడా కట్టకుండా ఓడలను మిగుల్చుకున్న ఈ ఉపాయం, నా దృష్టిలో, ఆ యుద్ధపు దౌత్యంలో అన్నిటికంటే తెలివైన పని.

రెండవ యుద్ధంలో అదే సాల్టర్ 1941లో నౌకారవాణా బృందంతో వాషింగ్టన్ వెళ్లారు. 1942 జనవరిలో ఏర్పడిన ఉమ్మడి బోర్డు మాత్రం బ్రిటన్, అమెరికాలది మాత్రమే. దేశం జర్మనీ చేతికి చిక్కినా, సుమారు వెయ్యి ఓడలను చేజారనివ్వని నార్వేకు అందులో చోటు లేదు. తటస్థ దేశాల ఓడలను దారికి తెచ్చేందుకు బ్రిటన్ అనుమతి పత్రాల పద్ధతి పెట్టింది: పత్రం లేని ఓడకు బ్రిటిష్ రేవుల్లో బొగ్గు దొరకదు, మరమ్మతు జరగదు. ఒప్పించడమంటే ఇలాగే ఉంటుంది కాబోలు!

అసలు చిక్కు గెలుపు దగ్గరపడ్డాక వచ్చింది. జర్మనీ పడిపోగానే ఓడల యజమానులు లాభసాటి బేరాలకు పరుగెత్తితే, జపానుతో యుద్ధానికి, ఆకలితో ఉన్న ఐరోపాకు ధాన్యం చేరవేయడానికి ఓడలెక్కడివి? 1944 ఆగస్టు 5న లండన్‌లో కుదిరిన ఒప్పందం దీనికి జవాబు. ప్రతి దేశమూ తన జెండాను, తన ఓడలపై తన అదుపును ఉంచుకుంటుంది. కాని ఐరోపా, జపాను యుద్ధరంగాలు రెండింటిలో ఏది ఆలస్యంగా ముగిస్తే అది ముగిసిన ఆరు నెలల వరకు ఆ ఓడలు ఉమ్మడి అవసరాలకే నడవాలి. జపాను 1945 సెప్టెంబరు 2న లొంగుబాటు పత్రంపై సంతకం చేసింది కనుక, ఆ ఏర్పాటు 1946 మార్చి 2న ముగిసింది.

ఇదంతా ఓడలున్నవారి మధ్య న్యాయమే. ఓడలు లేనివారి మాట ఏమిటి? 1942 మార్చిలో రంగూన్ పడిపోయి బర్మా బియ్యం ఆగింది; ఏప్రిల్‌లో జపాన్ నౌకాదళం కొద్ది రోజుల్లో బంగాళాఖాతంలో ఇరవైకి పైగా సరకు ఓడలను ముంచి, విశాఖ, కాకినాడల మీద బాంబులు వేసింది. ఆ మరుసటి ఏడాది ఆరంభంలో, బ్రిటన్ దిగుమతుల కోసమని, హిందూ మహాసముద్రానికి వచ్చే ఓడల సంఖ్యను చర్చిల్ బాగా కోసివేశారు. బెంగాలు కరవు ఏడాది అదే. కరవుకు ఓడలొక్కటే కారణమని నేను అనను; కాని ధాన్యం కోసం ఢిల్లీ అడిగినన్ని ఓడలను లండన్ ఇవ్వలేదు. కర్నూలులో పుట్టి మద్రాసులో చదివిన ఆర్కాట్ రామస్వామి ముదలియార్ 1942లో చర్చిల్ యుద్ధ మంత్రివర్గంలో కూర్చున్నారు. అయితే అక్కడ కుర్చీ ఉండటం వేరు, రేవులో ఓడ ఉండటం వేరు.

యుద్ధానంతరం నౌకారవాణాకు ఒక శాశ్వత అంతర్జాతీయ సంస్థ కోసం 1948 మార్చి 6న జెనీవాలో ఒప్పందం కుదిరింది. 21 దేశాలు, వాటిలో కనీసం పది లక్షల టన్నుల చొప్పున ఓడలున్నవి ఏడు, అంగీకరిస్తేనే అది అమలులోకి రావాలన్న షరతు వల్ల 1958 దాకా అది కాగితం మీదే ఉండిపోయింది. ఈ షరతులోనూ ఓడలున్నవారి మాటే వినిపిస్తుంది. జెనీవా సంతకాలైన ఎనిమిది రోజులకు, మార్చి 14న, విశాఖలోని సింధియా యార్డులో నెహ్రూ చేతుల మీదుగా మన దేశంలోనే కట్టిన ఓడ జల ఉష నీటిలోకి దిగింది. ఆ బల్ల దగ్గర మన మాట చెల్లేందుకు జెనీవా ఒప్పందం కంటే ఆ ఓడే ఎక్కువ పనికివచ్చిందని నా అభిప్రాయం.