జులైలో జీన్లు: ఒక ఏ4 కాగితం, ఎనిమిది పేజీలు

జులై అంతర్జాతీయ జీన్ మాసం. జీన్ (zine) అంటే మనమే రాసి, గీసి, జిరాక్స్ తీయించుకునే చిన్న పుస్తకం. అనంతపురంలో అది వేరుశనగ విత్తే కాలం కూడా, కాబట్టి విషయాలకు కొదవలేదు: గొర్రు, విత్తనం, ఉగ్గాని బజ్జీ. వారానికొకటి చాలు. రోజుకొకటి అనుకుంటే నడిమధ్యలోనే చేతులెత్తేస్తారు.

కాగితాన్ని అడ్డంగా పెట్టి ఎనిమిది గళ్లు పడేలా మడవండి. కింది వరుసలో ఎడమ నుంచి 6, 7, 8, 1 పేజీలు. పై వరుసలో తలకిందులుగా 5, 4, 3, 2. రెండు వరుసల మధ్య మడతను నడిమి రెండు గళ్ల మేరకే కోయాలి. అంచుదాకా కోశారో, రెండు ముక్కలే.

జిరాక్స్‌లో అంచులు సరిగా పడవు. చుట్టూ ఒక సెంటీమీటరు వదలండి. పెన్సిల్ గీతలు పాలిపోతాయి, నల్ల జెల్ పెన్నే మేలు. అక్షరాలు మరీ చిన్నవైతే ఒత్తులు అలుక్కుపోతాయి, మన తెలుగోళ్లకే ఈ తిప్పలు! 70 జీఎస్ఎం (చదరపు మీటరుకు 70 గ్రాముల) కాగితం చాలు. మందంగా ఉంటే మడతల దగ్గర ఉబ్బుతుంది. ముందు ఒక్క కాపీ తీయించి, మడిచి చూసుకున్నాకే మిగతావి అడగండి.