రాయి చదివే మనిషి ఖర్చు ఏ పద్దులో రాయాలి?

చీమకుర్తి గెలాక్సీ రాయి, అంటే బంగారు చుక్కలున్న నల్ల గ్రానైట్, దాని మీద బతికే ఫ్యాక్టరీలకు కాస్ట్ షీట్లు (సరుకు తయారీకి ఎంత ఖర్చయిందో చూపే లెక్కలు) రాయడం నా పని. ఉండేది ఒంగోలు. గుండ్లాపల్లి గ్రోత్ సెంటర్‌లో ఒక గ్రానైట్ యూనిట్‌కి రోజూ వెళ్తాను, మరికొన్నింటికి నెలాఖరు లెక్కలు చూసిపెడతాను. బ్లాకు (క్వారీ నుంచి తెచ్చి శ్లాబులుగా, అంటే పలకలుగా కోసే పెద్ద రాతి దిమ్మ) ధర, కోత, పాలిష్, కరెంటు, బ్లేడ్లు, ప్యాకింగ్, చెన్నై పోర్టు దాకా కిరాయి అన్నీ కలిపి చదరపు అడుగుకి ఎంత పడిందో పైసలతో సహా చెప్పగలను. అయితే ఆ అడుగు ధరని అన్నిటికన్నా ఎక్కువగా అటూ ఇటూ చేసేది మాత్రం ఏ పద్దులోనూ కనపడదు. బ్లాకు సెలక్షన్ చూసే మేస్త్రి గారికి తెలిసిన సంగతి అది. దాన్ని లెక్కలోకి తేవచ్చు, తెచ్చి తీరాలి అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఆయన పని ఎట్టా ఉంటుందో ముందు చెప్పాలి. క్వారీలో బ్లాకు దగ్గరికి వెళ్లగానే టేపు తీయరు. సుత్తితో నాలుగు పక్కలా కొట్టి వింటారు. ఖంగుమని మోగితే రాయి గట్టిది, మొద్దుగా పలికితే అనుమానమే. తర్వాత పైనుంచి బకెట్ నీళ్లు పోయిస్తారు. తడిసినప్పుడు రాయంతా నల్లగా నిగనిగలాడుతుంది, బంగారు చుక్క బాగా కనపడుతుంది, కొత్తవాళ్లు అది చూసే మురిసిపోతారు. ఆయన చూసేది అది కాదు. రాయి ఎండకి ఆరేదాకా అక్కడే నిలబడతారు. చుట్టూ ఆరిపోయాక ఒకచోట దారప్పోగంత తడి గీత ఇంకా మిగిలి ఉంటే, అక్కడ నీళ్లు పట్టుకునే పగులు ఉందన్నమాట. సుద్దముక్కతో దాన్ని గీసి, అది లోపల ఎటు పోతుందో చెప్తారు. "ఇది ఇట్టా పోయి ఆ మూల తేలుద్దమ్మా. ఈ పక్క నుంచి కోస్తే రెండు మూడు శ్లాబులే పోతాయి. అడ్డంగా కోశావంటే ప్రతి శ్లాబులోనూ గీత వచ్చుద్ది." ఒకే రాయి, ఒకే పగులు, ఒకే కోత ఖర్చు. కోసే పక్క మారితే సరుకు మారిపోతుంది.

ఇక మన పుస్తకాలు ఈ తెలివిని ఏం చేస్తాయో చూడండి. కంటికి కనపడని ఆస్తుల లెక్కకి మన దేశంలో ఉన్న నియమాలు, అకౌంటింగ్ స్టాండర్డ్ 26 అయినా, పెద్ద కంపెనీలకు వర్తించే ఇండ్ ఏఎస్ 38 అయినా ఒకటే మాట చెప్తాయి. నైపుణ్యం ఉన్న సిబ్బంది వల్ల ముందు ముందు లాభం వచ్చినా, ఆ లాభం మీద సంస్థకి సాధారణంగా తగినంత అదుపు ఉండదు కాబట్టి అది ఆస్తి కాదు. శిక్షణకి పెట్టిన డబ్బు ఏ ఏడుది ఆ ఏడు ఖర్చే. బ్యాలెన్స్ షీట్ వరకు నాకిది న్యాయంగానే అనిపిస్తుంది. మేస్త్రి గారు రేపు పక్క ఫ్యాక్టరీకి వెళ్లిపోతానంటే ఆపే హక్కు ఎవరికీ లేదు, ఉండకూడదు కూడా. చిక్కేమిటంటే, బ్యాలెన్స్ షీట్‌లో లేదు కాబట్టి ఓనరు ముందు పెట్టే నెలవారీ రిపోర్టులోనూ అక్కర్లేదని మనవాళ్లు అనేసుకున్నారు. ఓనరు కోసం లోపల వేసుకునే లెక్కలకి, అంటే మేనేజ్‌మెంట్ అకౌంటింగ్‌కి, ఆ స్టాండర్డ్ సంకెళ్లు లేవు. ఓనరు సరైన నిర్ణయం తీసుకోవడానికి ఏది పనికొస్తే అది చూపించవచ్చు.

మనుషుల విలువ కట్టే పద్ధతులు లేక కాదు. 1971లో లెవ్, ష్వార్జ్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక లెక్క చెప్పారు. ఉద్యోగి రిటైరయ్యేదాకా సంపాదించబోయే జీతాలన్నిటినీ ఇవాళ్టి విలువకి తగ్గించి కూడితే అదే ఆ మనిషి విలువ. మన దేశంలో ఇన్ఫోసిస్ తన వార్షిక నివేదికల్లో ఈ పద్ధతిలో లెక్క ప్రచురించింది కూడా. దీన్ని మా ఫ్యాక్టరీకి పెట్టి చూడండి. మేస్త్రి గారికి అరవై దగ్గర పడుతోంది. జీతం మోస్తరు, మిగిలిన సర్వీసు కొద్ది. ఈ లెక్కన ఆయన విలువ దాదాపు ఏమీ లేనట్టే. నిరుడు డిప్లొమా పూర్తిచేసి చేరిన కుర్రాడికి ముందు ముప్పై ఐదేళ్లున్నాయి కాబట్టి అతని విలువ ఆయనకి ఎన్నో రెట్లు! జీతాన్ని తెలివికి కొలబద్దగా పెట్టుకుంటే ఇట్టాగే అవుతుంది. తెలివి ఎక్కువై జీతం తక్కువైన మనుషులు మన జిల్లాలో ఏ పరిశ్రమలో చూసినా కనపడతారు.

కాబట్టి మనిషికి వెల కట్టొద్దు, ఆ మనిషి చేసిన నిర్ణయానికి కట్టాలి. సులువుగా ఉండేందుకు ఊహా అంకెలే తీసుకుందాం. నాలుగు క్యూబిక్ మీటర్ల బ్లాకు రెండు లక్షలు, 1,600 చదరపు అడుగుల ఫస్ట్ క్వాలిటీ రావాలి, అంటే అడుగుకి రాయి ఖర్చు 125 రూపాయలు. ఇది స్టాండర్డ్, అంటే ముందుగా వేసుకున్న అంచనా. మేస్త్రి గారు ఊళ్లో లేని రోజు, అదే సైజు బ్లాకుని బేరమాడి 1,80,000కి కొన్నారనుకోండి. ఆ నెల రిపోర్టులో కొనుగోలు ధర వేరియన్స్, అంటే అంచనాకీ అసలుకీ తేడా, 20,000 అనుకూలం. పర్చేజ్ వాళ్లకి శభాష్. బ్లాకు యార్డులో పడి ఉండి వచ్చే నెల కోతకి వెళ్తుంది. లోపల గీత, 1,200 అడుగులే ఫస్ట్ క్వాలిటీ. తగ్గిన 400 అడుగులు స్టాండర్డ్ ధరకి చూసినా 50,000 ప్రతికూలం. అదేమో ప్రొడక్షన్ ఖాతాలో పడుతుంది, తిట్లు కటింగ్ సెక్షన్‌కి. నికరంగా 30,000 పోయింది. దానిపైన కోత, పాలిష్ ఖర్చు అన్ని అడుగులకీ అయింది. రెండు నెలల్లో, రెండు డిపార్ట్‌మెంట్లలో చెదిరిపోయిన ఈ నష్టం వెనక ఉన్నది ఒకటే కారణం, రాయి చదివే మనిషి ఆ రోజు అక్కడ లేకపోవడం. ఏ రిపోర్టూ ఆ మాట చెప్పదు.

అందుకే మా యూనిట్‌లో బ్లాకు కార్డు పెట్టించాను. బ్లాకు మీద పెయింటుతో వేసే నంబరే కార్డు నంబరు. ఎవరు సెలక్షన్ చేశారు, చూసి ఏమన్నారు, ఎటు నుంచి కోయమన్నారు, కోస్తే ఎన్ని అడుగులు ఫస్ట్, ఎన్ని సెకండ్స్ (రెండో రకం), చివరికి కొన్నవాళ్ల నుంచి సరుకు బాగాలేదని క్లెయిమ్ వచ్చిందా, అంతే. వేరియన్స్‌ని నెలకో మొత్తంగా కాకుండా బ్లాకు వారీగా, సెలక్షన్ చేసిన మనిషి వారీగా విడదీశాం. ధర వేరియన్స్, దిగుబడి వేరియన్స్ పక్కపక్కన ఒకే వరసలో కనపడేసరికి ఓనరు గారు అడిగే ప్రశ్నే మారింది. ఇంతకుముందు "ఎంత తగ్గించి కొన్నారు?" అనేవారు. ఇప్పుడు "ఎవరు చూశారు?" అంటున్నారు.

నాకు ఇంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. మేస్త్రి గారు క్వారీకి వెళ్లేటప్పుడు వెంట ఒక కుర్రాణ్ణి తీసుకెళ్తే, ఆ కుర్రాడి జీతం, భోజనం, పెట్రోలు అన్నీ ఓవర్‌హెడ్ (ఏ ఒక్క సరుకుకీ నేరుగా చెందని ఖర్చు) కిందికి పోతాయి. ఖర్చు తగ్గించాలన్నప్పుడు మొదట కళ్లబడేది అదే. "ఒకరు చూసే రాయికి ఇద్దరెందుకు?" అంటారు. నేర్పించే ఖర్చు ఈ నెల కనపడుతుంది, దాని ఫలితం ఎప్పటికోగాని కనపడదు. కనపడిన రోజున కూడా తక్కువ నష్టం రూపంలో ఉంటుంది తప్ప ఆదాయంలా ఉండదు. ఓవర్‌హెడ్ తగ్గించామని సంతోషపడుతూ తెలివి చేతులు మారే దారిని మూసేస్తున్నాం. దీనికి నేను రిపోర్టులో "నేర్పు ఖర్చు" అని విడిగా ఒక పద్దు పెట్టి, దాని ఎదురుగా ఆ కుర్రాడు సొంతంగా చూసిన బ్లాకుల దిగుబడి వేస్తున్నాను. పుస్తకాల్లో ఖర్చు ఖర్చుగానే పోనివ్వండి, రిపోర్టులో మాత్రం దాని పని అది చూపించుకుంటుంది.

కార్డుల వల్ల అంతా తెలిసిపోతుందని నేననను. సుత్తి దెబ్బకి రాయి ఎట్టా పలికిందో కార్డు మీద ఎంత రాసినా, పక్కన నిలబడి వింటేనే తెలుస్తుంది. ఇంకో భయం కూడా ఉంది. ఆయనకి తెలిసింది కాగితం మీదికి ఎక్కింది కదా, ఇక ఆయనతో పనేముంది అని ఎవరికైనా అనిపించవచ్చు. ఇది మేస్త్రి గారికీ తెలుసు. మొదట్లో కార్డు నింపమంటే "ఏందమ్మా, నా అన్నం కూడా దీంట్లో రాసుకుంటారా?" అన్నారు. ఆ మాటకి నా దగ్గర తేలికైన జవాబు లేదు. చేయగలిగిందల్లా, స్టాండర్డ్ కన్నా మించి వచ్చిన దిగుబడిలో కొంత వాటా ఆయనకి, నేర్చుకుంటున్న కుర్రాడు సరిగ్గా చూసిన బ్లాకుల మీద ఇంకొంత వాటా కూడా ఆయనకే ఇవ్వాలని రాతపూర్వకంగా ప్రతిపాదన పెట్టడం. మొదటి వాటాకి ఓనరు గారు ఒప్పుకున్నారు. రెండోది ఈ మార్చి బడ్జెట్‌లో మళ్లీ పెడుతున్నాను, ఈసారి కుర్రాడి కార్డులన్నీ జతచేసి.