తల్లికి వందనం, మధ్యలో ఓనరు గారి ఏసీ: నా అనుభవం

మొన్న గురువారం, 2025 జూలై 10న, తల్లికి వందనం డబ్బులు పడినయ్. ఇద్దరు పిల్లలకి పదమూడు వేలు చొప్పున 26 వేలు. జాకెట్టుకి చేతులు అతికిస్తుంటే ఫోన్ మోగింది. మెసేజ్ రెండుసార్లు చదివి, నమ్మకం కుదరక మా పాపతో కూడా చదివించా, ఎందుకంటే ఈ నెల రోజుల్లో నాకు అర్థమైందనుకున్న ప్రతిదీ తప్పని తేలింది. కోపం ఇంకా చల్లారలేదు, చల్లారితే రాయబుద్ధి కాదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా.

మాది పల్నాడు వైపు ఒక టౌను. మా ఆయనకి ఆటో, నేను ఇంట్లో బట్టలు కుడతా. పాప ప్రైవేటు స్కూల్లో ఎనిమిది, బాబు మున్సిపల్ స్కూల్లో నాలుగు. తల్లికి వందనం సంగతి అందరికీ తెలిసిందే, ఇంట్లో చదివే పిల్లలు ఎంతమందుంటే అంతమందికీ 15 వేలు, అందులో 2 వేలు బడి నిర్వహణకి పట్టుకుని మిగతాది తల్లి ఖాతాలో వేస్తారు. వెనకటి గవర్నమెంటు అమ్మ ఒడి పథకంలో ఇంటికి ఒక్క పిల్లకే ఇచ్చేవాళ్ళు. ఇద్దరు ముగ్గురు పిల్లలున్న నాబోటి వాళ్ళకి ఇది మెరుగే, ఏ పార్టీ వాళ్ళు ఏమనుకున్నా సరే.

బ్యాంకు ఖాతాకి ఆధార్ లింకు, ఎన్‌పీసీఐ అంటారు చూడండి, దానికి భయపడ్డా గానీ పోస్టాఫీసులో ఖాతా తెరిస్తే అరగంటలో అయిపోయింది. పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు స్కూలు వాళ్ళే సరిచూశారు. అంతే, ఇంకేముంది డబ్బులు పడటమేగా అనుకున్నా.

జూన్ 13 శుక్రవారం పొద్దున్నుంచి మా వీధిలో ఫోన్లు టింగుటింగుమంటున్నయ్. పక్కింట్లో పడినయ్, ఎదురింట్లో పడినయ్, మా ఇంట్లో ఏమీ లేదు. వార్డు సచివాలయం గోడకి లిస్టులు అంటించారంటే పోయా. అర్హుల లిస్టు మూడుసార్లు వేలు పెట్టి చూసినా నా పేరు లేదు. పక్కన ఇంకో లిస్టు, అనర్హులది. అందులో ఉన్నా, ఎదురుగా కారణం కూడా ఉంది: కరెంటు వాడకం నెలకి 300 యూనిట్లు దాటింది.

మా ఇంట్లో రెండు ఫ్యాన్లు, ఒక టీవీ, సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఫ్రిజ్జు, నా మిషను మోటారు. ఎండాకాలంలో కూడా బిల్లు 110 యూనిట్లు దాటదు. నేను అది చదివి నోరు తెరుచుకుని నిలబడితే వెనకనుంచి మా వీధావిడ ఒకామె మెడ సాచి చదివి, "మూడొందల యూనిట్లా! ఏం కాలుస్తున్నావే ఇంట్లో, మాకెప్పుడూ చెప్పలేదే" అని పదిమంది వినేట్టు నవ్వింది. సరదాకే అని ఉంటుంది గానీ అక్కడున్న వాళ్ళందరూ నా వైపు తిరిగి చూసిన చూపు ఉంది చూడండి, దొంగతనంగా పథకం తినబోయి దొరికిపోయినదాన్ని చూసినట్టు. ఒకళ్ళకి రాలేదంటే ఎందుకు రాలేదో వాళ్ళకి చెప్పాలి, ఊరందరికీ గోడ మీద పెట్టి చెప్పాలా? ఈ ఆలోచన ఎవరిదో గానీ వాళ్ళ పేరు ఒక్కసారి ఆ గోడ మీద పడాలని మొక్కుకున్నా.

శని, ఆదివారాలు సెలవు. సోమవారం సచివాలయంలో ఎడ్యుకేషన్ సెక్రటరీ అమ్మాయి, పాతికేళ్ళు కూడా ఉండవు, ఓపిగ్గా కంప్యూటర్ నా వైపు తిప్పి చూపించింది. మా ఆయన ఆధార్ మీద రెండు కరెంటు సర్వీసులు. ఒకటి ఇప్పుడున్న ఇల్లు. రెండోది ఎవరిదో అనుకుంటే పేరు చూసి గుండె గుభేలుమంది, మా పాత ఇంటి ఓనరు గారిది! 2020 చివర్లో ఖాళీ చేశాం ఆ ఇల్లు. అంతకుముందు వార్డు వాలంటీరు ఇంటింటికీ తిరిగి సర్వే చేసినప్పుడు కరెంటు బిల్లు చూపించమంటే ఆ పోర్షను బిల్లు చూపించాం, అది మా ఆయన ఆధార్‌కి తగిలించారు. మేం వెళ్ళిపోయాం, మీటరు మాత్రం మమ్మల్ని వదల్లేదు. మా తర్వాత ఓనరు ఆ పోర్షను కొడుకు కాపురానికి కలుపుకుని రెండు ఏసీలు పెట్టించాడు. ఆ చల్లగాలి మా ఖాతాలో!

అప్పుడు వెలిగింది నాకు. అమ్మ ఒడి 2020లో వచ్చింది, 2021లో వచ్చింది, 2022లో ఆగిపోయింది. వాలంటీర్ని అడిగితే "పైనుంచే తీసేశారక్కా" అన్నాడు, పైన ఎవరో అడగలేదు నేను. మా ఆయనకి వాహనమిత్ర, ఆటోవాళ్ళకి ఏడాదికోసారి ఇచ్చే పదివేలు కూడా రెండేళ్ళు వచ్చి ఆగింది. ఆ రోజు రాత్రి నోటుబుక్కు తీసి లెక్కేశా, అమ్మ ఒడి రెండేళ్ళకి 26 వేలు, వాహనమిత్ర మూడేళ్ళకి 30 వేలు, మొత్తం యాభై ఆరు వేలు. మా ఆయన ఆ అంకె చూసి అన్నం కంచం పక్కన పెట్టేశాడు.

గవర్నమెంటు మారింది, పథకం పేరు మారింది, గోడ మీద ఫొటోలు మారినయ్, ఈ ఆరు అంచెల వడపోత మాత్రం కదల్లేదు. ఇప్పుడు అవి నాకు ఎక్కాల్లా వచ్చు: పల్లెలో నెలకి పదివేలు, టౌనులో పన్నెండు వేలు ఆదాయం దాటకూడదు, మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాలు మించకూడదు, కారు ఉండకూడదు, ఆటో, టాక్సీ, ట్రాక్టరు పరవాలేదు, ఇంట్లో గవర్నమెంటు ఉద్యోగి ఉండకూడదు, ఇన్‌కం టాక్సు కట్టకూడదు, టౌనులో వెయ్యి చదరపు అడుగుల ఇల్లు ఉండకూడదు, కరెంటు 300 యూనిట్లు. మీరు లెక్కబెడితే ఏడొస్తయ్, మరి ఆరు అంచెలని ఎందుకంటారో వాళ్ళనే అడగాలి.

మంగళవారం కరెంటాఫీసు. ఇక్కడే నా పరువు మొత్తం పోయింది. కౌంటర్లో ఉన్నాయన నేను రాసిచ్చిన అర్జీ పూర్తిగా చదవకుండానే "ఏసీలేసుకుని పడుకుంటారు, మళ్ళీ పథకాలు కావాలి, ప్రతివాడూ ఇదే మాట, ఆ మీటరు మాది కాదని" అన్నాడు. అది మాది కాదండీ, మేం ఖాళీ చేసి నాలుగేళ్ళు దాటింది అంటే, "అయితే ఓనరు చేత రాయించుకుని సంతకం పెట్టించి, ఆయన ఆధార్ జిరాక్సు కూడా తీసుకురా" అన్నాడు. నా వయసు ముప్పై ఆరు, రా, పో అంటున్నాడు. వెనక లైన్లో నా దగ్గర బట్టలు కుట్టించుకునే టీచరమ్మ ఉంది, ఆమె చూడనట్టు తల తిప్పుకుంది. ఆమె అట్టా తల తిప్పుకోవటమే నాకు ఎక్కువ బాధేసింది.

బుధవారం ఓనరు గారింటికి. ఇన్నేళ్ళయినా ఆ గేటు దగ్గర నిలబడితే అద్దె కట్టటం లేటైన రోజులే గుర్తొచ్చినయ్. లోపలికి రమ్మనలేదు. అరుగు మీద కూచుని పేపరు చదువుకుంటూ అంతా విన్నాడు, విని, "నా మీటరు మీద మీ ఆధార్ ఎందుకెక్కింది?" అన్నాడు. వాలంటీరు ఎక్కించాడండీ, నాకూ మొన్నే తెలిసింది అన్నా. "ఇప్పుడు మీటరు అంటారు, రేపు ఇల్లు మాదేనంటారు, ఆధార్ ఎక్కిందంటే సాక్ష్యం అయినట్టేగా, నేను మా వకీలుని అడగాలి" అన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలా. ఆయన ఏసీ బిల్లు మూలంగా నా పిల్లల డబ్బులు పోయినయ్యని నేను పోతే, నేను ఆయన మూడంతస్తుల మేడ కొట్టేయటానికి వచ్చానంటాడు! తీసేయమనే కదండీ అడుగుతున్నా, పెట్టమని కాదు కదా అన్నా. అయినా సంతకం పెట్టనంటే పెట్టనన్నాడు. ఆయన కోడలు లోపల్నుంచి మంచినీళ్ళ గ్లాసు తెచ్చి, మావయ్య గారూ పెట్టండి పాపం అంది. ఆమెని ఒక్క చూపు చూశాడు, లోపలికి పోయింది. నీళ్ళు తాగకుండా వచ్చేశా. దాహంగా ఉన్నా సరే తాగలేదు.

అద్దెకున్నవాళ్ళకి ఒక్క మాట. ఇల్లు మారిన రోజే, గ్యాస్ పొయ్యి వెలిగించకముందే, మీ ఇంట్లో ప్రతి ఒక్కళ్ళ ఆధార్ మీద ఎన్ని మీటర్లున్నయో సచివాలయంలో చూపించుకోండి. రెండు నిమిషాల పని. పథకం వచ్చినప్పుడు చూద్దాంలే అనుకుంటే నాలాగా గేట్ల దగ్గర నిలబడాలి. ఓనర్లని బతిమాలొద్దు, ఎందుకు వద్దో ఇంకో పేరా చదివితే తెలుస్తుంది.

గురువారం మళ్ళీ కరెంటాఫీసుకి, ఈసారి మా ఆయన కూడా ఆటో ఆపుకుని వచ్చాడు. కౌంటర్ ఆయన సంతకం లేదుగా అని కాయితం వెనక్కి తోశాడు. మా ఆయన గట్టిగా మాట్లాడబోతే ఆపా. గొడవ పెట్టుకుంటే ఈ పథకమే కాదు, ఇంట్లో ఫ్యూజు పోయినా ఎవరూ రారు. గంటన్నర బెంచీ మీద కూచున్నాం. అప్పుడు ఒక లైన్‌మన్ వచ్చి మా ఆయన్ని గుర్తుపట్టాడు, ఆయన్ని ఎప్పుడో రాత్రి పూట ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాడంట మా ఆయన, నాకు చెప్పనేలేదు. ఆయన మమ్మల్ని తిన్నగా ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారి గదిలోకి తీసుకుపోయి "వీళ్ళు ఆ ఇల్లు ఖాళీ చేసి చాలా రోజులైంది సార్, అక్కడ రీడింగ్‌కి వెళ్ళేది మా వాడే" అన్నాడు. ఏఈ గారు ఇప్పటి ఇంటి బిల్లు, రెండు ఆధార్ జిరాక్సులు చూసి, కంప్యూటర్లో ఏదో నొక్కి, "తీసేశానమ్మా, ఇంక ఆ సర్వీసు మీ మీద లేదు" అన్నాడు. ఎంతసేపు? టీ తాగినంతసేపు కూడా పట్టలేదు. నేను ఊరుకోలేక, మరి ఓనరు సంతకం అన్నారు కదండీ అని అడిగా. ఆయన ఆశ్చర్యంగా చూసి "ఆధార్ మీది, తీయమనేది మీరు, ఓనరుతో ఏం పని?" అన్నాడు.

ఓనరుతో ఏం పని! ఈ మాట మంగళవారం ఆ కౌంటర్లో చెప్పి ఉంటే నాకు ఆ అరుగు, ఆ మాటలు ఉండేవి కాదు. బయటికి వస్తూ కౌంటర్ ఆయన ముందు ఒక నిమిషం నిలబడ్డా, ఏమైనా అందామని. ఆయన తల ఎత్తలేదు. ఏం అనకుండానే వచ్చేశా, అది ఇప్పటికీ గొంతులో ముల్లులా ఉంది.

శుక్రవారం జూన్ 20, ఫిర్యాదులకి ఆఖరి రోజు. సర్వరు పొద్దుట్నుంచీ తిరుగుతానే ఉంది. ఎడ్యుకేషన్ సెక్రటరీ అమ్మాయి అన్నం కూడా తినలేదు, సాయంత్రం ఏడింటికి నాది ఎక్కించింది. తర్వాత వాట్సాప్‌లో గవర్నమెంటు వాళ్ళ మన మిత్ర సేవ ఉంది కదా, రోజూ పడుకునే ముందు అందులో చూసుకోవటమే పని. కొత్త లిస్టులో పేరు వచ్చాక గానీ నిద్ర పట్టలేదు.

ఇంతకీ గవర్నమెంటు పథకాలతో మన బతుకులు బాగుపడినయ్యా అంటే, మా ఆయన లేదంటాడు, నేను పూర్తిగా లేదనను. మా అత్తయ్య మా బావగారింట్లో ఉంటది, రేషన్ కార్డు వేరు. ఆమె వితంతు పింఛను రాష్ట్రం విడిపోయేటప్పటికి నెలకి 200, తర్వాత వెయ్యి, 2019 మొదట్లో రెండు వేలు, ఆ తర్వాత పెరుగుతూ పెరుగుతూ మూడు వేలు, 2024 జూలై నుంచి నాలుగు వేలు. ఒకటో తారీఖు తెల్లారేసరికి తలుపు కొట్టి ఇస్తారు. బీపీ మాత్రలకి కొడుకుల్ని అడగదు ఇప్పుడు, పైగా నా కొడుక్కి చాక్లెట్లకి ఆమే ఇస్తది. ఇంట్లో ఆమె గొంతు పెరిగింది, నాకు కొన్నిసార్లు చిరాకే గానీ, పెరగటం మంచిదే. దీన్ని ఏ ఒక్క పార్టీ ఖాతాలో రాయను, అందరూ తలా కాస్తా పెంచారు.

ఇంకోపక్క 13 వేలు ఇస్తారు, అదే చేత్తో 99 రూపాయలకి క్వార్టరు మందు సీసా కూడా పెడతారు. ఉచిత సిలిండర్ అంటారు, ముందు మనం డబ్బులు కడితే తర్వాత ఖాతాలో వేస్తారు, ఆ ముందు కట్టే డబ్బులు లేకనే కదా ఉచితం అడిగేది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి బస్సు ఫ్రీ అన్నారు. నేను గుంటూరు బట్టల షాపుకి లైనింగు గుడ్డ కోసం ఫ్రీగా పోవచ్చు, మా ఆయన ఆటో ఎక్కేది సగం ఆడవాళ్ళే. ఇప్పుడు నేను సంతోషించాలా వద్దా?

ఇప్పుడు మా వీధిలో ఎవరికి ఏ పథకం ఆగినా నా దగ్గరికే వస్తున్నారు. ఆ రోజు నవ్వినావిడ కూడా వచ్చింది, వాళ్ళ చెల్లెలి మీద ఎవరిదో వాటర్ ప్లాంటు మీటరు ఉందంట. కరెంటాఫీసులో కౌంటర్ దగ్గర ఆగొద్దు, తిన్నగా ఏఈ గారి గదికి పొమ్మని చెప్పా. కౌంటర్ గురించి ఇంకా చాలా చెప్పా, అవి ఇక్కడ రాయను.

పాప డబ్బులు పడిన సాయంత్రమే స్కూలు ఫీజుకి పోయినయ్. బాబు డబ్బుల్లో కొంచెం తీసి నా మిషనుకి కొత్త మోటారు వేయించా, అది తప్పేమీ కాదు, వాళ్ళ ట్యూషన్ ఫీజు ఆ మిషనే కడుతుంది. మా ఆయన మాత్రం ఆ యాభై ఆరు వేలు మర్చిపోలేదు, పాతది ఇస్తారేమో కనుక్కోమని రోజూ పోరు. ఇవ్వరని నాకు తెలుసు. అయినా సోమవారం సచివాలయానికి పోవాలి, ఆ ఎడ్యుకేషన్ సెక్రటరీ అమ్మాయి పెళ్ళికి వేసుకోటానికి వర్క్ జాకెట్టు ఇచ్చింది, కుట్టుకూలి వద్దంటే జాకెట్టే వద్దంది. అది ఇచ్చేటప్పుడు అడిగి చూస్తా.