మూత గది బయటే తీయండి

ఇవాళ భోజనం పళ్లెం మీద మూత మంచం పక్కనే తీశారు. గుప్పున ఆవిరి కొట్టింది, పేషెంటు మొహం తిప్పేసుకున్నారు. ఆ తర్వాత ఎంత బతిమాలినా ముద్ద దిగలేదు.

మూలకణ మార్పిడి (స్టెమ్ సెల్ ట్రాన్స్‌ప్లాంట్) అయిన కొత్తలో వాసనే తిండిని చెడగొడుతుంది. మూత బయటే తీసి, ఆవిరి పోయాక లోపలికి తీసుకెళ్లండి. వేడివేడిగా కంటే గోరువెచ్చగా ఉన్నవే తేలిగ్గా దిగుతాయి. అలాగని పక్కన పెట్టి మర్చిపోవద్దు. వండింది బయట రెండు గంటలు దాటితే పారేయాల్సిందే. రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాలు ఇంకా కోలుకోని ఒంటికి కాస్త బ్యాక్టీరియా చాలు, జ్వరం రావడానికి.

నోరు పూసి ఉంటే తినే ముందు పుక్కిలించాలి: కప్పు గోరువెచ్చని నీళ్లలో పావు టీస్పూన్ వంటసోడా, అందులో సగం ఉప్పు. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ వద్దు, మంట ఇంకా పెరుగుతుంది.

"ఇంకో రెండు ముద్దలు" అనే కన్నా, తిన్న ముద్దల్లోనే ప్రోటీన్ పెంచండి. కిలో బరువుకు రోజుకు సుమారు 1.5 గ్రాములు, అంటే 60 కిలోల మనిషికి 90. మూడు పూటల్లో అంత పట్టదు, ఆరు సార్లుగా పంచాలి. బాగా ఉడికిన గుడ్డు, కాచిన పాలలో కలిపిన పాలపొడి అక్కరకొస్తాయి. కిడ్నీ ఇబ్బంది ఉంటే మాత్రం లెక్క డాక్టరే చెప్పాలి.

రోగనిరోధక శక్తిని అణచే సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ మందులు వాడుతుంటే గ్రేప్‌ఫ్రూట్ (ద్రాక్ష కాదు, నారింజ జాతి పండు) ముట్టకూడదు, రక్తంలో మందు స్థాయి పెరిగిపోతుంది.

బరువు తగ్గలేదని నిశ్చింతగా ఉండకండి. ఒంట్లో చేరిన నీరు, కరిగిన కండను కప్పేస్తుంది. ఎంత తిన్నారో రాసిపెట్టండి. సగం కూడా తినలేని రోజులు వరసగా వస్తుంటే ట్యూబ్ ఫీడింగ్ (గొట్టం ద్వారా ఆహారం ఇవ్వడం) గురించి డాక్టర్ని వెంటనే అడగండి.