మొదటి డీజిల్ బండి: ట్యాంకులో ఏం పోయాలి, ఏ సీసా అక్కర్లేదు

డీజిల్ బండి మొదటిసారి కొన్నవారికి వారం తిరగకముందే సలహాలు మొదలవుతాయి. ప్రతి ట్యాంకుకూ ఫలానా సీసా కలపాలని ఒకరు, టూ స్ట్రోక్ ఆయిల్ కాస్త పోస్తే ఇంజన్ చప్పుడు తగ్గుతుందని ఇంకొకరు, ప్రీమియం డీజిల్ తప్ప వేరేది ముట్టవద్దని మరొకరు చెబుతారు. ఈ మధ్యే సొంత లారీ కొనుక్కున్న మిత్రుడు ఇవే ప్రశ్నలు అడిగినప్పుడు నేను చెప్పిన జవాబులను ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: మంచి బంకును ఎంచుకుని, ట్యాంకులో నీరు నిలవకుండా చూసుకుని, ఫిల్టరును వేళకు మార్చేవారికి అడిటివ్ (డీజిల్‌లో కలిపే అదనపు రసాయనం) సీసాల అవసరం అరుదుగానే పడుతుంది. ఏ లోపాన్ని సరిచేయడానికి కొంటున్నామో ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే ఆ సీసా కొనకపోవడమే మేలు.

డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. సిలిండర్‌లోని గాలిని గట్టిగా నొక్కినప్పుడు పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది. కాబట్టి డీజిల్‌ను సన్నని తుంపరగా, సరైన క్షణంలో, సరైన కొలతలో చిమ్మడం మీదే ఇంజన్ పనితీరు ఆధారపడి ఉంటుంది. ఇప్పటి కామన్ రైల్ ఇంజన్లలో, అంటే ఒకే గొట్టంలో ఎక్కువ ఒత్తిడితో నిలిపిన డీజిల్‌ను అన్ని ఇంజెక్టర్లకూ (సిలిండర్‌లోకి ఇంధనం చిమ్మే పరికరాలకు) అందించే వాటిలో, ఆ చిమ్మే ఒత్తిడి 2000 బార్ దాకా, కొన్నింటిలో అంతకు మించి కూడా ఉంటుంది. పంపులోనూ ఇంజెక్టర్లలోనూ జారే భాగాల మధ్య ఉండే సందు కొన్ని మైక్రాన్లు మాత్రమే. పైగా చాలా పంపుల్లో ఆ భాగాలకు విడిగా ఆయిల్ అందదు. వాటి గుండా పారే డీజిలే వాటిని తడుపుతూ అరిగిపోకుండా కాపాడుతుంది. ఇంధనంలో ఏ చిన్న తేడా వచ్చినా ఇంజెక్టర్లకు అంత ఖర్చు ఎందుకు తగులుతుందో దీనిని బట్టి అర్థమవుతుంది.

జిడ్డుదనం, అంటే భాగాలు అరగకుండా తడిపే గుణం గురించి నడిచే వాదనలన్నీ ఇక్కడి నుంచే మొదలయ్యాయి. పాత డీజిల్‌లో గంధకం ఎక్కువగా ఉండేది. పొగలోని విషాలను తగ్గించే క్యాటలిస్టులను గంధకం పాడుచేస్తుంది కనుక దానిని శుద్ధి కర్మాగారంలోనే తీసివేయడం మొదలైంది. ఐరోపా ప్రమాణం ఈఎన్ 590 ప్రకారం ఇప్పుడు కిలోకు 10 మిల్లీగ్రాములు, అమెరికా ప్రమాణంలో 15 పీపీఎం మించకూడదు. గంధకాన్ని తీసే హైడ్రోజన్ ప్రక్రియలోనే డీజిల్‌కు సహజంగా ఉండే జిడ్డునిచ్చే పదార్థాలు కూడా కొంత పోతాయి. ఈ మాట నిజమే, అయితే కథ అక్కడితో ఆగిపోలేదు. అమ్మకానికి వెళ్లే ముందే ఆ లోటును పూడ్చే పదార్థాన్ని కలుపుతారు, పరీక్షిస్తారు కూడా: వేడి డీజిల్‌లో ముంచిన లోహపు పలక మీద ఉక్కు గుండును రుద్ది, గుండు మీద పడిన అరుగుదల గుర్తును కొలుస్తారు. ఆ గుర్తు ఐరోపాలో 460 మైక్రాన్లు, అమెరికాలో 520 మైక్రాన్లు దాటకూడదు. ప్రమాణానికి లోబడి అమ్మే డీజిల్ పోయించుకునేవారు జిడ్డు కోసం మళ్లీ సీసా కొంటే, అప్పటికే జరిగిన పనికి రెండోసారి డబ్బు కట్టినట్టే. రెండు శాతం బయోడీజిల్ (నూనెలు, కొవ్వుల నుంచి చేసే ఇంధనం) కలిసినా జిడ్డుదనం గణనీయంగా పెరుగుతుంది. ఇంధనం నాణ్యతపై భరోసా లేని దారుల్లో తిరగక తప్పనివారికి మాత్రం జిడ్డు పెంచే అడిటివ్ అర్థమున్న ఖర్చే.

ప్రీమియం డీజిల్ గురించి ఉన్న భ్రమ చాలావరకు సీటేన్ సంఖ్యను అపార్థం చేసుకోవడం వల్ల కలిగింది. ఇంధనం చిమ్మిన తర్వాత ఎంత త్వరగా అంటుకుంటుందో సీటేన్ చెబుతుంది; ఇంధనంలో ఎంత బలం ఉందో అది చెప్పదు. ఐరోపాలో కనీసం 51, అమెరికాలో కనీసం 40 ఉండాలి. తక్కువ సీటేన్ డీజిల్‌తో నడుస్తున్న ఇంజన్‌కు సంఖ్య కాస్త పెంచితే చలిలో త్వరగా స్టార్ట్ అవుతుంది, తొలి నిమిషాల తెల్లపొగ, టకటక చప్పుడు తగ్గుతాయి. కంపెనీ పుస్తకంలో అడిగిన సంఖ్య ఇప్పటికే అందుతున్నప్పుడు ఇంకా పెంచితే లాగుడు పెరుగుతుందని ఆశించకూడదు. ప్రీమియంలో అసలు పనికొచ్చేది సాధారణంగా అందులో కలిపే డిటర్జెంట్, అంటే ఇంజెక్టర్ కొన (నాజిల్) రంధ్రాల దగ్గర మసి పేరుకోకుండా చూసే పదార్థం. ఎక్కువసేపు ఐడిల్‌లో, తక్కువ బరువుతో, చిన్న దూరాలు తిరిగే బండికి అప్పుడప్పుడూ ఒక ట్యాంకు అలాంటి డీజిల్ పోయిస్తే మంచిదే. రోజంతా హైవే మీద బరువు లాగే బండికి దాని అవసరం తక్కువ.

నా దృష్టిలో వీటన్నిటికంటే పెద్ద శత్రువు నీరు. సగం ఖాళీ ట్యాంకులో రాత్రి చల్లబడిన గాలి నుంచి తేమ గోడలకు పట్టి కిందికి దిగుతుంది. బంకు నేల ట్యాంకు నుంచి కూడా వస్తుంది. అమ్మకం ఎక్కువగా ఉన్న బంకులోనే పోయించుకోవాలి, ఎందుకంటే అక్కడ ఇంధనం నిల్వ ఉండదు. ట్యాంకర్ అప్పుడే దింపుతూ ఉంటే అడుగున పేరుకున్న మడ్డి కదిలి ఉంటుంది కనుక వేరే బంకుకు వెళ్లడమో, కొంతసేపు ఆగడమో మంచిది. బండిని రాత్రి నిలిపే ముందే ట్యాంకు నింపే అలవాటు ఉంటే తేమ పట్టే చోటు తగ్గుతుంది.

డీజిల్‌లోని నీటిని వేరుచేసి అడుగున నిలిపే వాటర్ సెపరేటర్‌ను ఖాళీ చేయడం మాత్రం డ్రైవరుకు వదిలేయకుండా కొత్త ఓనరు తన చేత్తో చేసి చూడవలసిన పని. పొద్దున్నే, ఇంజన్ స్టార్ట్ చేయకముందు, నీరంతా కిందికి దిగి ఉన్నప్పుడు, ఫిల్టరు కింద గాజు సీసా పట్టి, అడుగున ఉన్న స్క్రూను నెమ్మదిగా వదులు చేయాలి. కొన్ని బండ్లలో దానంతట అదే కారుతుంది, కొన్నింటిలో చేతి పంపు కొన్నిసార్లు నొక్కితే గానీ రాదు. సీసాను కాసేపు కదల్చకుండా ఉంచితే నీరు అడుగున విడిగా నిలుస్తుంది, రెంటి మధ్య గీత గీసినట్టు స్పష్టంగా కనబడుతుంది. పైనున్న డీజిల్ మెరుస్తూ, సీసా వెనక పెట్టిన కాగితం మీది అక్షరాలు చదవగలిగేంత తేటగా ఉండాలి. మబ్బు పట్టినట్టుంటే అందులో నీరు కలిసిపోయి ఉండే అవకాశం ఉంది. ఆ గీత దగ్గర నల్లటి జిగురు తెట్టెలా కనిపిస్తే సూక్ష్మజీవులు పెరిగినట్టు అనుమానించాలి. నీరూ డీజిలూ కలిసే హద్దులోనే అవి బతుకుతాయి. వాటిని చంపే బయోసైడ్ ఉంది గానీ, చచ్చిన జిగురంతా వచ్చి ఫిల్టరులోనే చేరుతుంది కనుక ట్యాంకు కడిగించకుండా బయోసైడ్ ఒక్కటే పోస్తే దారి మధ్యలో బండి ఆగిపోవచ్చు.

నీటికి సంబంధించిన అడిటివ్ కొనేటప్పుడు లేబుల్‌ను తప్పకుండా చదవాలి. నీటిని డీజిల్ నుంచి విడదీసి అడుగుకు దించే రకం ఒకటి. నీటిని సన్నని బిందువులుగా డీజిల్‌లోనే కలిపేసే రకం మరొకటి. రెండో రకంలో ఆ బిందువులు సెపరేటర్‌ను దాటి వేడి నాజిల్ దాకా వెళ్లగలవు. కామన్ రైల్ బండికి నేను మొదటి రకమే చెబుతాను. ఆల్కహాల్ ఉన్న సీసాలను, మీ బండి కంపెనీ ఒప్పుకుంటే తప్ప, పక్కన పెట్టేయండి.

బాగా చలి పడే చోటికి బండి వెళుతుంటే మైనం సమస్య వస్తుంది. డీజిల్‌లో ఉండే మైనం చల్లదనానికి మొదట మబ్బులా కనిపించి, తర్వాత ఫిల్టరును మూసేస్తుంది. గడ్డకట్టకుండా ఆపే అడిటివ్ మైనపు గింజలను పెద్దవి కాకుండా ఆపగలదు, ఏర్పడిపోయిన గింజలను కరిగించలేదు. అందుకే చలి దిగకముందే, ట్యాంకులోని ఇంధనం ఇంకా తేటగా ఉన్నప్పుడే పోయాలి. చలి ప్రాంతాల బంకుల్లో చలికాలపు డీజిలే అమ్ముతారు. వెచ్చని చోట నింపిన ట్యాంకుతో అక్కడికి చేరేవారికే అసలు ప్రమాదం. కిరోసిన్ కలిపితే మైనం ఆలస్యంగా కడుతుంది, దాంతోపాటు జిడ్డుదనమూ తగ్గుతుంది.

బయోడీజిల్ ఎంత శాతం వరకు వాడవచ్చో కంపెనీ పుస్తకంలో రాసి ఉంటుంది, ఆ గీత దాటకూడదు. ఈఎన్ 590 డీజిల్‌లో 7 శాతం దాకా ఉండవచ్చు. 20 శాతం మిశ్రమానికి మారే పాత బండిలో ట్యాంకు గోడలకు పట్టిన మడ్డిని అది వదులు చేస్తుంది కనుక మొదట్లో ఫిల్టర్లు త్వరగా నిండిపోతాయి. ఇంకో సంగతి తక్కువమందికి తెలుసు: పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరును (మసి ఫిల్టరు) కాల్చి శుభ్రం చేసుకోవడానికి కొన్ని ఇంజన్లు సిలిండర్‌లోకి అదనంగా చిమ్మే ఇంధనంలో కొంత, గోడల వెంట జారి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది, డీజిల్ అయితే వేడికి చాలావరకు ఆవిరైపోతుంది, మరిగే స్థాయి ఎక్కువగా ఉన్న బయోడీజిల్ ఆయిల్‌లోనే మిగిలిపోతుంది. అందువల్ల ఎక్కువ శాతం వాడేవారు ఆయిల్ మార్పును వాయిదా వేయకూడదు. హెచ్‌వీఓ (హైడ్రోజన్‌తో శుద్ధి చేసిన వంటనూనెల వంటి వాటి నుంచి వచ్చే ఇంధనం) పేరుతో దొరికేది దీనికి భిన్నమైనది; అది రసాయనికంగా డీజిల్‌కు దగ్గరగా ఉంటుంది, దాని సీటేన్ సాధారణంగా 70కి పైనే ఉంటుంది, నిల్వకు కూడా బాగుంటుంది.

మసి ఫిల్టరు ఉన్న బండిలో టూ స్ట్రోక్ ఆయిల్, వాడేసిన ఇంజన్ ఆయిల్ వంటివి పోయవద్దు. మసి కాలిపోతుంది, లోహపు బూడిద కాలదు. అది ఫిల్టరులోనే పేరుకుని దాని ఆయుష్షు తగ్గిస్తుంది. డ్రైవర్లు యూరియా అని పిలిచే డెఫ్ (పొగలోని కాలుష్యాన్ని తగ్గించడానికి పొగగొట్టంలో చిమ్మే ద్రవం) ఇంధన అడిటివ్ కాదు, దానికి వేరే ట్యాంకు ఉంటుంది. అందులో 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధమైన నీరు. పొరపాటున అది డీజిల్ ట్యాంకులో పడినా, పెట్రోలు పడినా తాళం చెవి తిప్పవద్దు. చాలా బండ్లలో చెవి తిప్పగానే పంపు ఇంధనాన్ని లాగడం మొదలుపెడుతుంది. ట్యాంకు ఖాళీ చేయించాక మాత్రమే స్టార్ట్ చేయాలి.

అవసరం తేలి అడిటివ్ వాడవలసి వస్తే, డీజిల్ పోయించే ముందే లేబుల్ మీది కొలత ప్రకారం ట్యాంకులో పోస్తే, పైన పడే ఇంధనంతో అది బాగా కలుస్తుంది. రెట్టింపు పోస్తే రెట్టింపు ఫలితం రాదు. సెకండ్ హ్యాండ్ బండి కొన్నవారు సీసా సంగతి ఆలోచించకముందే ఇంధన ఫిల్టర్లు మార్చాలి. కొత్త ఫిల్టరును డబ్బాలోని డీజిల్‌తో నింపి బిగించే అలవాటు చాలా షెడ్లలో ఉంది. ఫిల్టరు మధ్య రంధ్రంలో పోసిన డీజిల్ వడపోత లేకుండా నేరుగా పంపులోకి వెళుతుంది. ఖాళీ ఫిల్టరునే బిగించి, చేతి పంపు గట్టిపడేదాకా నొక్కి, గాలి తీసి, ఆ తర్వాత స్టార్ట్ చేయమని మెకానిక్‌కు ముందే చెప్పండి.