మైకు ముందు మా ఊరి మాట

వేరుశనగకు పూత తర్వాత ఊడలు, అంటే కాయ కట్టే కాడలు, మన్నులోకి దిగాలి. ఆ వేళకు పైమన్ను గట్టిపడితే చెట్టు పచ్చగా కనిపిస్తూనే కాయ లేక వట్టిపోతుంది. కళ్యాణదుర్గం చుట్టుపక్కల ఏ రైతునడిగినా ఈ సంగతి చెబుతాడు. కెమెరాకు మాత్రం పచ్చదనమే కనిపిస్తుంది. ఆగస్టు బెట్టకు మా చేలు ఆ స్థితికి వచ్చినప్పుడు, విలేకరులతో మాట్లాడే పని ఊరివాళ్లు నాకు అప్పజెప్పారు.

"పంటంతా పోయిందని చెప్పప్పా, అప్పుడే పట్టించుకుంటారు" అన్నాడు మా చిన్నాయన. ఆయన బాధ నిజం. కానీ మా ఊళ్లో బోర్లున్న చేలు బాగానే ఉన్నాయి. ఊరంతా ఎండిందని నేను అంటుండగా కెమెరా ఆ చేల మీదికి తిరిగితే, ఎండిన చేల రైతు మాట కూడా అబద్ధమైపోతుంది. పైగా అనంతపురంలో సగటు వానే ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర. ఇక్కడ కరువు వార్త ఏటా రాస్తారు, ఏటా చదువుతారు. "పూర్తిగా నష్టపోయాం" అన్న మాట పత్రికల డెస్కులో కూర్చుని వార్తలు దిద్దేవాళ్ల చెవికి ఎప్పుడో అలవాటైపోయింది.

అందుకే ముందు చేలు తిరిగాం. బోరు కింద వేసినవి, వాన మీద వేసినవి వేరు చేశాం. కె-6 రకం విత్తనం వేసినవాళ్లవి, కదిరి లేపాక్షి రకం వేసినవాళ్లవి విడిగా చూశాం. చేనుకు నాలుగు మూలలా చెట్లు పీకి, మన్నులోకి దిగిన ఊడలెన్ని, గాల్లోనే ఎండినవెన్ని అని రాసుకున్నాం. రైతు సేవా కేంద్రంలో ఈ-క్రాప్ నమోదుతో, అంటే ఎవరు ఏ పంట ఎంత వేశారో రాసే ప్రభుత్వ లెక్కతో, విస్తీర్ణం సరిచూసుకున్నాం.

అక్కడే ఇంకో సంగతి తేలింది. బీమావాళ్లు ఒక్కరూ పొలం చూడలేదని గట్టిగా అడగాలని కుర్రాళ్లు పట్టుబట్టారు. కానీ మా వేరుశనగకు ఉన్నది వాతావరణ ఆధారిత బీమా. అందులో చేను చూడటమంటూ ఉండదు, వాతావరణ కేంద్రంలో నమోదైన వాన లెక్కను బట్టే పరిహారం వస్తుంది. ఆ ఫిర్యాదు ఒక్క జవాబుతో కొట్టుకుపోయేది. మా అసలు బాధ మండల కేంద్రంలో పడిన వాన మా ఊళ్లో పడకపోవడం. చెప్పాల్సింది అదే.

కాగితం మీద మూడు మాటలే పెట్టాం. వాన మీద వేసిన వేరుశనగ ఊడ దశలో బెట్టకు చిక్కింది. మండల కేంద్రం వాన లెక్క మా ఊరికి సరిపోదు, మా పంచాయతీలో వానమాపకం పెట్టాలి. అధికారులు వచ్చి పంట నష్టం లెక్క రాయాలి. మిగిలిన కష్టాలు, అప్పులు, పాత బకాయిలు అన్నీ పక్కన పెట్టాం. అది అందరికన్నా నాకే కష్టమైంది, ప్రతి ఇంటికీ చెప్పుకోవాల్సింది ఉంది కదా.

టీవీ విలేకరి చానల్ లోగో ఉన్న మైకు పట్టుకుని చేన్లోకి రాగానే అడిగాడు: "వంద శాతం నష్టమే అనొచ్చా అన్నా?"

"వద్దు సార్. బోర్లున్న చేలు నిలిచాయి. వాన మీద వేసినవాటిలో సగం పైన ఊడలు దిగలేదు, ఇదిగో చూడండి" అని చెట్టు పీకి చూపించాను. పంట నష్టానికి ప్రభుత్వమిచ్చే ఇన్‌పుట్ సబ్సిడీకి 33 శాతం నష్టం దాటితే చాలు, వంద అనాల్సిన పనేముంది?

మండలం మొత్తం నష్టమెంతని అడిగాడు. మా ఊరి లెక్కే నా దగ్గరుందని, మండలం లెక్క వ్యవసాయాధికారిని అడగమని చెప్పాను. ప్రభుత్వం విఫలమైందంటారా అన్నాడు. "మాకు కావలసింది చేను చూసి లెక్క రాసేవాళ్లు" అని అదే మాట మళ్లీ చెప్పాను. ఎంత మాట్లాడినా టీవీలో వేసే బైట్‌లో మిగిలేది రెండు ముక్కలు. ఆ రెండూ ఏవైనా సరే, మనం అడిగేది వాటిలో ఉండాలి.

మర్నాడు ఒక పత్రిక జిల్లా ఎడిషన్లో వార్త సరిగానే వచ్చింది, పైన శీర్షిక మాత్రం "పంట సర్వనాశనం". ఆ విలేకరికి ఫోన్ చేశాను. "శీర్షిక డెస్కు పెడుతుందన్నా" అన్నాడు. ఆయనతో గొడవ పెట్టుకోలేదు. మేమిచ్చిన కాగితంలో ఆ మాట లేదని గుర్తుచేసి, నకలు మళ్లీ పంపాను. అదే కాగితాన్ని సోమవారం కలెక్టరేట్‌లో అర్జీకి జతచేశాం. తర్వాత చేలు చూడ్డానికి వచ్చిన వ్యవసాయాధికారి మా ఊడల లెక్క పక్కన పెట్టుకుని, మేం చెప్పిన చేలల్లోనే చెట్లు పీకి చూశారు.